ఉత్తరుడు ఎందుకు పారిపోయాడు? విరాటపర్వంలో యుద్ధహాస్యం

ఈ పాఠం చదివేటప్పుడు తిక్కన విరాటపర్వం నాలుగో ఆశ్వాసం మీ చేతికి అందేలా పెట్టుకోండి. తిరుమల తిరుపతి దేవస్థానం వారు వ్యాఖ్యానంతో ప్రచురించిన కవిత్రయ భారతం చాలా గ్రంథాలయాల్లో దొరుకుతుంది. పద్యాలు కష్టమనిపిస్తే ముందు తాత్పర్యం చదివి, తర్వాత పద్యానికి రండి. పరీక్ష కోసం చదివేవారికి ఈ వరస తప్పు కాదు.

'ఉత్తరుని పాత్రను సమీక్షించండి' అన్న ప్రశ్నకు జవాబులు దిద్దుతూ నేను చాలా ఏళ్ళు గడిపాను. నూటికి తొంభై పత్రాల్లో ఒకటే వాక్యం: ఉత్తరుడు అంతఃపురంలో ప్రగల్భాలు పలికి, యుద్ధరంగంలో పారిపోయిన పిరికివాడు, తిక్కన అతని ద్వారా హాస్యరసాన్ని పోషించాడు. నేనూ ఆ వాక్యం కింద టిక్కు పెట్టి మార్కులు వేశాను. నా విద్యార్థి దశలో నేను రాసిందీ అదే, నా మాస్టారు మార్కులు వేసిందీ దానికే. ఆ వాక్యంలో ఏదో తక్కువైందని నాకు తెలిసింది విశ్వవిద్యాలయంలో కాదు, విజయవాడలో ఒక ఆదివారం సంపర్క తరగతిలో.

ఆ తరగతికి వచ్చేవారిలో సగం మంది ఆటోనగర్ వాళ్ళు. లారీ బాడీలు కట్టేవారు, కమాను పట్టీలు వేసేవారు, లేత్ మీద పనిచేసేవారు, స్పేర్ పార్టుల కొట్లో లెక్కలు రాసేవారు. ఆరు రోజులు పని, ఏడో రోజు పాఠం. ఉత్తరుడి పేరు వాళ్ళకు కొత్త కాదు. 'గంటలో గేర్‌బాక్సు దించేస్తా' అని సాయంత్రం దాకా నట్లు వెతుక్కునే కుర్రాడిని అక్కడ ఉత్తరకుమారుడనే అంటారు. అందుకే నేను పాఠం మొదలుపెట్టగానే అందరూ నవ్వారు. ఒకాయన మాత్రం నవ్వలేదు. సైన్యంలో వాహనాల మరమ్మతు విభాగంలో పనిచేసి, పింఛను తీసుకుని, ఆటోనగర్‌లో డీజిల్ ఇంజన్ల పనికి కుదిరిన మనిషి. నలభై దాటాక డిగ్రీ చదువుతున్నాడు. నెమ్మదిగా లేచి అడిగాడు: "సార్, ఒకటే రథం. ఎదురుగా కౌరవుల సైన్యం మొత్తం. వెనక సొంత సైన్యం లేదు. ఆ కుర్రాడు తప్పుగా ఏం అంచనా వేశాడు?"

జవాబు నా దగ్గర లేదు. ఆయనే సర్దుకుని అన్నాడు: "మా దగ్గర పారిపోయామని ఎవరూ రాయరు సార్. పొజిషన్ మార్చాం అని రాస్తాం." క్లాసంతా మళ్ళీ నవ్వింది. ఈసారి నవ్వు వేరు. ఆ తేడా ఏమిటో విరాటపర్వంలోనే వెతకడం ఈ పాఠం పని.

కథ మీకు తెలుసు కాబట్టి అవసరమైనంతే గుర్తు చేస్తాను. సుశర్మ దక్షిణం వైపు ఆవులను పట్టుకుంటే విరాటరాజు సైన్యాన్నంతా తీసుకుని అటు వెళ్ళాడు. ఊరు ఖాళీ. అదే అదనుగా దుర్యోధనుడు భీష్మ ద్రోణ కర్ణులతో వచ్చి ఉత్తరం వైపు ఆవులను మళ్ళించాడు. గోపాలకుల పెద్ద పరుగున వచ్చి కబురు చెప్పేసరికి రాజధానిలో మగదిక్కు ఉత్తరుడొక్కడే. ఆ కబురు విన్నది ఎక్కడో గమనించండి: అంతఃపురంలో, ఆడవాళ్ళ మధ్య. అతని మాటలు పెద్దవి కావడానికి సగం కారణం ఆ చోటే. మంచి సారథి ఉంటే కౌరవులను ఒక్కణ్ణే గెలిచి వస్తానంటాడు. తన యుద్ధం చూసి, వచ్చినవాడు అర్జునుడేనేమో అని వాళ్ళు భ్రమపడతారంటాడు. ఆ మాట అంటున్నప్పుడు అర్జునుడు అదే అంతఃపురంలో పేడి వేషంలో నాట్యం నేర్పే గురువుగా ఉన్నాడు. ద్రౌపది సైరంధ్రిగా పక్కనే నిలబడి వింటోంది. ఉత్తరుడు మాటిమాటికీ అర్జునుడితో పోల్చుకోవడం ఆమెకు సహించదు. బృహన్నలను సారథిగా తీసుకెళ్ళమని చెప్పేది ఆమే.

ఆటోనగర్ విద్యార్థులకు ఈ ఘట్టం బాగా పట్టింది. బండి ఉంది, డ్రైవరు లేడన్న సాకు వాళ్ళు రోజూ వినేదే. డ్రైవరు దొరికాక ఇక సాకు మిగలదు. సాకు పోయిన క్షణం నుంచే అసలు హాస్యం మొదలవుతుంది.

బయలుదేరే ముందు రెండు చిన్న సంగతులున్నాయి. కవచం తొడుక్కోవడం చేతకానట్టు అర్జునుడు తడబడితే అంతఃపుర స్త్రీలు పకపకా నవ్వుతారు. ఉత్తరుడి చెల్లెలు ఉత్తర, కౌరవుల మేలి వస్త్రాలు తెచ్చిపెడితే తన బొమ్మలకు కడతానంటుంది. యుద్ధమంటే ఆ ఇంట్లో వాళ్ళకు ఉన్న ఊహ అంత. బొమ్మల గుడ్డలకు అన్న వెళ్ళి రావడం. చెల్లెలి కోరికను చాలామంది వ్యాఖ్యాతలు ముచ్చటైన సన్నివేశంగా చెప్పి వదిలేస్తారు. నాకది ముచ్చటగానూ ఉంటుంది, కొంచెం భయంగానూ ఉంటుంది. ఇల్లు యుద్ధాన్ని ఇలాగే చూస్తుంది. చూసినవాడు తిరిగి వచ్చి చెప్పేదాకా దానికి వేరే రూపం తెలియదు.

ఇక ఉత్తరుడు సైన్యాన్ని చూస్తాడు. ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. మీరు పరీక్షలో 'భయానక రసం' అని రాయవలసిన చోటు ఇది. అయితే ఆ భయంలో అతను ఏమంటాడో కూడా చదవండి. నాన్న బలగాన్నంతా తీసుకుపోయాడు, నేను ఒంటరిని, నేర్చుకుంటున్నవాణ్ణి, వాళ్ళంతా ఆరితేరినవాళ్ళు. ఈ నాలుగు మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. అంతఃపురంలో అతను పలికినవాటిలో ఒక్కటీ నిజం కాదు. పిరికితనం పేరుతో అతని నోట మొదటిసారి వెలువడింది నిజమే! మా ఇంజన్ మెకానిక్ పట్టుకున్నది ఈ సంగతినే. ఆయన నాతో తర్వాత టీ కొట్టు దగ్గర అన్నాడు: "చూడకముందు అందరం శూరులమే సార్. అతను చూశాడు. అదే తేడా."

ఉత్తరుడు రథం దూకి పరుగు తీస్తాడు. అర్జునుడు జడ ఊగుతుండగా, చీర కుచ్చెళ్ళు ఎగురుతుండగా వెంట పడతాడు. ఎదురుగా కౌరవ సైనికులు ఆ వింత చూసి నవ్వుతారు. పట్టుబడ్డ ఉత్తరుడు బంగారం ఇస్తాను, మణులు ఇస్తాను, ఏనుగులు ఇస్తాను, నన్ను వదిలిపెట్టమని బతిమాలతాడు. ఇక్కడ నవ్వని పాఠకుడు ఉండడు, నేనూ నవ్వుతాను. హాస్యం లేదని నేను అనడం లేదు. అది ఎవరి మీద వాలుతోందన్నదే ప్రశ్న.

ఈ ఘట్టంలో నవ్వినవాళ్ళను ఒక్కొక్కరినే లెక్కపెట్టండి. కవచం తలకిందులు చేసిన బృహన్నలను చూసి స్త్రీలు నవ్వారు, ఆ కవచంలో ఉన్నది అర్జునుడు. జడ వేసుకుని పరుగెత్తుతున్న మనిషిని చూసి కౌరవ సైనికులు నవ్వారు. కాసేపటికి వాళ్ళ నాయకులు స్పృహ తప్పి పడిపోయారు, పైబట్టలు బొమ్మల కోసం పోయాయి. ఇక విరాటరాజు సంగతి కాసేపట్లో చూద్దాం. భరతుడు నాట్యశాస్త్రంలో స్మితం నుంచి అతిహసితం దాకా నవ్వును ఆరు రకాలుగా విభజించి, ఏది ఉత్తములకు, ఏది అధములకు అని చెప్పాడు. ఆ పట్టిక మీకు వేరే పాఠంలో ఉంది, బట్టీ పట్టండి. కానీ విరాటపర్వానికి అది చాలదు. ఇక్కడ నవ్వు ఎంత పెద్దదన్నది కాదు ముఖ్యం, నవ్వుతున్న మనిషి యుద్ధానికి ఎంత దూరంలో ఉన్నాడన్నది. దూరంగా ఉండి నవ్విన ప్రతివాడి నవ్వునూ కథ తిరగేస్తుంది. ఉత్తరుడి పరుగును చూసి నవ్వుతో ఆగిపోనివాడు అతన్ని పట్టుకున్న అర్జునుడు.

ఆ అర్జునుడు చేసిన పని చూడండి. తిట్టలేదు, వెక్కిరించలేదు. యుద్ధం నేను చేస్తాను, నువ్వు పగ్గాలు పట్టుకో అన్నాడు. జమ్మిచెట్టు ఎక్కించి ఆయుధాలు దింపించాడు, తన పది పేర్లు చెప్పి ధైర్యం నింపాడు. భయపడ్డవాడికి ఉపన్యాసం కన్నా చేతికి ఒక పని ఇవ్వడం మేలని తెలిసిన అధికారి తీరు అది. సారథి కావాలని అడిగినవాడు సారథి అయ్యాడు, సారథిగా వచ్చినవాడు రథికుడయ్యాడు. సంస్కృత భారతం ప్రచారంలో ఉన్న పాఠంలో ఇంకో మెట్టు ఉంది. యుద్ధం నడుమ ఉత్తరుడు ఇక గుర్రాలను నడపలేనంటాడు. నెత్తురు, కొవ్వు వాసనకు కళ్ళు తిరుగుతున్నాయంటాడు, గాండీవం మోతకు చెవులు పనిచేయడం లేదంటాడు. పురాణ కథలో ఇంత ఒళ్ళు తెలిసిన యుద్ధవర్ణన అరుదు. అర్జునుడు మళ్ళీ ధైర్యం చెబుతాడు, అతను మళ్ళీ పగ్గాలు పట్టుకుంటాడు. భయం పోలేదు, రథం మాత్రం ముందుకు పోయింది. పిరికివాడని మనం పేరు పెట్టినవాడు చేసిన పని ఇది.

ఇప్పుడు యుద్ధం తర్వాతి భాగానికి రండి. పరీక్షపత్రాల్లో విద్యార్థులు ఇక్కడికి రానే రారు, అసలు జవాబు ఇక్కడే ఉంది. అర్జునుడు సమ్మోహనాస్త్రంతో కౌరవులను నిశ్చేష్టులను చేసి, వాళ్ళ వస్త్రాలు తెమ్మని ఉత్తరుణ్ణి పంపుతాడు. భీష్ముడికి ఆ అస్త్రానికి విరుగుడు తెలుసు కాబట్టి ఆయన జోలికి పోవద్దని హెచ్చరిస్తాడు. తిరుగు దారిలో, పాండవుల సంగతి బయటపెట్టవద్దని, ఈ గెలుపు నీదేనని మీ నాన్నకు చెప్పమని అంటాడు. ప్రగల్భాలకోరుకు ఇంతకన్నా మంచి అవకాశం ఏముంటుంది? సాక్షి లేడు. ఉన్న ఒక్క సాక్షీ చెప్పుకోమంటున్నాడు.

అక్కడ రాజధానిలో విరాటుడు అప్పటికే కొడుకు గెలిచాడని ఊరంతా అలంకరింపజేసి, కంకుడితో జూదానికి కూర్చున్నాడు. కొడుకు భీష్మ ద్రోణులను గెలిచాడని పొగిడినప్పుడల్లా కంకుడు, అంటే ధర్మరాజు, బృహన్నల సారథిగా ఉండగా గెలవక ఏం చేస్తాడు అంటాడు. రాజుకు కోపం వచ్చి పాచికలతో ముఖాన కొడతాడు. ధర్మరాజు ముక్కు నుంచి కారిన నెత్తురు నేల మీద పడకుండా ద్రౌపది పాత్రలో పడుతుంది. విరాటపర్వంలో ఇది చివరి నెత్తురు, ఇది పారింది యుద్ధరంగంలో కాదు. ఇంట్లో కూర్చున్న తండ్రి, వెళ్ళివచ్చిన కొడుకు గొప్ప కోసం, నిజం చెప్పిన మనిషి మీద చెయ్యి చేసుకోగా పారింది. అంతఃపురంలో ఉత్తరుడు పలికిన ప్రగల్భాలు ఎక్కడి నుంచి వచ్చాయో ఇప్పుడు అర్థమవుతుంది. అవి ఆ ఇంటి సొత్తు.

ఉత్తరుడు లోపలికి వస్తాడు. నెత్తురు చూసి ఎవరు కొట్టారని అడుగుతాడు. తండ్రి చేశాడని తెలిసి ఆయన చేత క్షమాపణ చెప్పిస్తాడు. యుద్ధం సంగతి అడిగితే, గెలిచింది నేను కాదు, ఒక దేవపుత్రుడు అంటాడు. అర్జునుడి రహస్యం కాపాడాలి కాబట్టి ఆ మారుమాట. అక్కడితో ఆగవచ్చు. ఆగలేదు. భయపడి పారిపోతున్న నన్ను ఆయనే ఆపాడు అని కూడా చెబుతాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ చూడలేదు. కొలువులో, తండ్రి ముందు, తన పరుగును తానే చెప్పుకున్నాడు. అంతఃపురం నుంచి వెళ్ళిన కుర్రాడు తిరిగి రాలేదని దీనికి అర్థం. ఇది చదివాక మన సామెత సగం కథ మీదే నిలబడిందని మీకు తోచాలి.

తిక్కన యుద్ధానికి దూరంగా కూర్చుని రాసినవాడు కాదు. నెల్లూరి మనుమసిద్ధి కొలువులో మంత్రి. ఆయన ఇంటి చుట్టూ అల్లుకున్న ఒక చాటుకథ తెలుగువారందరికీ తెలుసు. కాటమరాజుకూ మనుమసిద్ధికీ పుల్లరి విషయమై తగవు వచ్చింది. అదీ పశువుల పోరే. తిక్కనకు తండ్రి వైపు సోదరుడైన ఖడ్గతిక్కన సేనాని. బలం చాలక వెనక్కి వచ్చాడు. ఇంట్లో భార్య చానమ్మ, ఆడవాళ్ళకు పెట్టినట్టు మంచం చాటున స్నానానికి నీళ్ళూ పసుపుముద్దా పెట్టింది. తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసి, నువ్వు విరిగి వచ్చినట్టే పాలూ విరిగాయంది. అతను తిరిగి వెళ్ళి పోరాడి చనిపోయాడు. ఈ కథను మనం వీరగాథగా చెప్పుకుంటాం, పాఠ్యపుస్తకాల్లోనూ పెట్టుకున్నాం. విరుపు ఎంత పదునైనదో చూడండి, పాల మీద ఆ శ్లేష నిజంగా గొప్పది. కానీ ఆ హాస్యం ఎక్కడి నుంచి వచ్చింది? ఇంట్లో నుంచి, నీళ్ళ కాగు పక్కనుంచి. దాని ఖరీదు ఒక ప్రాణం. నాకు ఆ చాటువు నచ్చుతుంది, ఆ స్నానాల మంచం నచ్చదు. రెండూ ఒకేసారి చెప్పడానికి విమర్శకుడు సిగ్గుపడనక్కరలేదు.

ఈ కథ పక్కన ఉత్తరుడి కథ పెట్టి చదవండి. రెండింట్లోనూ వెనక్కి తిరిగినవాడు ఉన్నాడు. ఒకచోట ఇల్లు అతన్ని చూసి నవ్వింది, ఇంకొకచోట యుద్ధం తెలిసినవాడు అతని చేతికి పగ్గాలు ఇచ్చాడు. చాటుకథలో హాస్యం మనిషిని చావుకు పంపింది, విరాటపర్వంలో హాస్యం మనిషిని నిజం దగ్గరకు తీసుకొచ్చింది.

పాశ్చాత్య సాహిత్యంతో పోలిక అడిగే ప్రశ్నలు వస్తుంటాయి కాబట్టి ఒక మాట. షేక్స్పియర్ 'నాలుగో హెన్రీ' మొదటి భాగంలో ఫాల్‌స్టాఫ్ యుద్ధరంగంలో చచ్చినట్టు పడుకుని ప్రాణం కాపాడుకుంటాడు. తర్వాత లేచి, యువరాజు చంపిన హాట్‌స్పర్ శవాన్ని పొడిచి, వీణ్ణి చంపింది నేనే అంటాడు. ఉత్తరుడు సరిగ్గా దీనికి తిరగబడ్డ పాత్ర. తనకు అంటగట్టిన గెలుపును వద్దంటాడు. ఫాల్‌స్టాఫ్‌ను చూసి నవ్వుతూ లోకంలో గౌరవమనే మాట మీద మనకు అనుమానం పుడుతుంది. ఉత్తరుణ్ణి చూసి నవ్వుతూ మన నవ్వు మీదే అనుమానం పుడుతుంది. చెక్ రచయిత హాషెక్ సృష్టించిన సైనికుడు ష్వెయిక్ మరో దారి, ఆజ్ఞలన్నీ అక్షరాలా పాటిస్తూ సైన్యాన్నే నవ్వులపాలు చేస్తాడు. అతని మీద చర్చ ఈ పాఠానికి ఎక్కువవుతుంది.

మన దగ్గర యుద్ధకథ చెప్పే కళల్లో నవ్వుకు ఎప్పుడూ చోటుంది. బుర్రకథలో కథకుడి పక్కన రాజకీయం చెప్పేవాడూ, హాస్యం చెప్పేవాడూ ఉంటారు. పల్నాటి యుద్ధం చెప్పినా బొబ్బిలి యుద్ధం చెప్పినా హాస్యగాడు వీరుడి పక్కనే నిలబడతాడు. సినిమా కూడా ఆ దారినే నడిచింది. 1963లో వచ్చిన 'నర్తనశాల'లో ఉత్తరుడు రేలంగి. ఎన్.టి. రామారావు బృహన్నల, సావిత్రి ద్రౌపది, ఎస్.వి. రంగారావు కీచకుడు. రేలంగి నటన అంత బాగుండటం వల్ల మనకొక చిక్కు వచ్చింది. పద్యం చదువుతున్నా కళ్ళ ముందు రేలంగే పరుగెత్తుతాడు. హాస్యనటుడు నవ్వించాలి, నవ్వించాడు, ఆయన్ను అనడానికేం లేదు. పాఠకులుగా మనం ఆ పరుగు దగ్గరే ఆగిపోకూడదు, అంతే.

గోదావరి జిల్లాల్లో తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఊరుంది. ఇంటింటి నుంచీ సైన్యానికి వెళ్ళడం వల్ల దాన్ని మిలిటరీ మాధవరం అంటారు. అలాంటి ఊళ్ళలో ఉత్తరకుమారుడి సామెత ఎలా వాడతారో ఎవరైనా అడిగి రాస్తే మంచి పరిశోధన అవుతుంది. మా మెకానిక్ మాత్రం నాతో ఒకటన్నాడు: "ఊరికి వెళ్తే అందరూ అడిగేది ఒకటే సార్, ఎంతమందిని చంపావని. ఎన్ని ఇంజన్లు స్టార్ట్ చేశావని ఒక్కడూ అడగడు." ఉత్తరుడూ అంతే, చంపలేదు, బండి నడిపాడు.

ఒక సంగతి మిగిలింది. సామెత దీన్ని ఎన్నడూ తలవదు. కురుక్షేత్రం మొదటి రోజు ఉత్తరుడు ఏనుగెక్కి శల్యుడి మీదకు వెళ్ళాడు. ఆ ఏనుగుతో శల్యుడి రథాశ్వాలను తొక్కించాడు. శల్యుడు విసిరిన శక్తి తగిలి నేలకూలాడు. ఈసారి ముందు ప్రగల్భాలు లేవు, పక్కన అర్జునుడూ లేడు, పరుగూ లేదు. పద్దెనిమిది రోజుల యుద్ధంలో పేరున్న వీరులు పడటం మొదలైంది విరాటుడి కొడుకులతోనే. ఆ భీష్మపర్వాన్నీ తెలుగు చేసింది తిక్కనే.

మీ అభ్యాసానికి: విరాటపర్వం చివర కొలువులో ఉత్తరుడు తండ్రికి చెప్పిన మాటలను, నాలుగో ఆశ్వాసంలో అంతఃపురంలో అతను చెప్పిన మాటలతో పక్కపక్కన రాసుకోండి. ఏ మాటలు పోయాయి, ఏ మాటలు కొత్తగా వచ్చాయి అన్నది ఒక పేజీకి మించకుండా వివరించండి. 'పిరికివాడు' అన్న మాట వాడదలచుకుంటే వాడవచ్చు. ఎవరిని ఉద్దేశించి వాడారో మాత్రం స్పష్టంగా రాయండి.